శ్రీకృష్ణదేవరాయల క్షేత్రయాత్రలు: ఉదయగిరి కొండ నుంచి తిరుమల వాకిలి దాకా

 

వెలిగండ్ల, కనిగిరి, పామూరు వైపు వాళ్ళకి ఉదయగిరి కొండ గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పామూరు దాటి దక్షిణానికి పోతే వచ్చేస్తుంది. కొండ మీద కోట గోడలు, కూలిపోయిన మండపాలు, దేవుడు లేని గుళ్ళు. చాలామంది వెళ్ళి చూసి ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. కానీ ఆ కొండ మీద ఒకప్పుడు ఒక బాలకృష్ణుడు ఉండేవాడని, ఆ స్వామిని ఒక మహారాజు స్వయంగా తీసుకెళ్ళి హంపిలో గుడి కట్టి పెట్టాడని మనలో ఎంతమందికి తెలుసు?

ఆ మహారాజు శ్రీకృష్ణదేవరాయలు. ఆయన పేరు చెప్పగానే మనకి అష్టదిగ్గజ కవులు, భువన విజయం, హంపి గుర్తొస్తాయి. యుద్ధాల గురించి స్కూల్లో చదువుకున్నాం. అయితే ఆయన జీవితాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. ఒక్కో గెలుపు తర్వాత ఆయన ఏ దేవుడి ముందు నిలబడ్డారు? ఏమిచ్చారు? అందులో ఈ రోజు ఏం మిగిలింది? ఇవన్నీ ఎవరో కట్టిన కథలు కావు. చాలా వరకు తేదీలతో సహా ఆయా గుళ్ళ గోడల మీద శాసనాల్లో ఉన్నాయి. పురాణంలా చెప్పుకునేవి కూడా కొన్ని ఉన్నాయి. ఏది శాసనమో, ఏది జనం చెప్పుకునే మాటో విడదీసి చెప్పుకుందాం.

కళ్ళు దక్కిన రాకుమారుడు

రాయలవారి తండ్రి తుళువ నరసనాయకుడు. తల్లి నాగలాంబ. తిరుపతి జిల్లాలో వేదనారాయణ స్వామి కొలువున్న నాగలాపురం ఉంది కదా, ఆ ఊరికి ఆ పేరు రాయలవారి తల్లి పేరు మీదే వచ్చిందని చెప్తారు. ఏటా సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామిని తాకే ఉత్సవానికి వెళ్ళినప్పుడు ఆ తల్లిని కూడా ఒకసారి తలుచుకోండి.

అన్నగారు వీరనరసింహరాయలు. ఆయన తర్వాత 1509లో కృష్ణరాయలు సింహాసనం ఎక్కారు. ఆ ఎక్కడం వెనక ఒక కథ ఉంది. మరణశయ్య మీద ఉన్న అన్న తన చిన్న కొడుక్కి రాజ్యం దక్కాలని, తమ్ముడి కళ్ళు తీయించమని మంత్రి తిమ్మరుసుకి ఆజ్ఞ ఇచ్చాడట. తిమ్మరుసు ఆ పని చెయ్యలేక మేక కళ్ళు తెచ్చి చూపించి, కృష్ణరాయల్ని దాచి కాపాడాడట. ఈ సంగతి రాసింది నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. శాసనాల్లో లేదు. కానీ తెలుగునాట ఇది తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. రాయలవారు తిమ్మరుసుని అప్పాజీ అని తండ్రిలా పిలిచేవారని కూడా అందరికీ తెలుసు. ఈ కళ్ళ కథని గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ వస్తుంది.

రాజైన కొత్తలోనే, 1510లో, హంపి విరూపాక్ష స్వామి గుడిలో రంగమండపం కట్టించారు. ఆ శాసనం ఇప్పటికీ అక్కడే ఉంది. విష్ణుభక్తుడైన రాజు పాలన మొదట్లోనే చేసిన పెద్ద కైంకర్యం శివాలయంలో! ఈ సంగతి ముందు ముందు ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది.

ఉదయగిరి ముట్టడి, ఒకే ఏడాదిలో మూడు తిరుమల యాత్రలు

అప్పట్లో మన ప్రాంతం కళింగ గజపతుల చేతిలో ఉండేది. ఉదయగిరి వాళ్ళకి దక్షిణాన పెద్ద కోట. విజయనగరాన్ని అంతకుముందు ఏలిన సాళువ నరసింహరాయలు ఉదయగిరి, రాయచూరు, ముద్గల్ కోటలు గెలవలేకపోయానన్న దిగులుతోనే పోయాడట. వాటిని తిరిగి తెచ్చుకోమని తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పి పోయాడని నూనిజ్ రాశాడు. అంటే కృష్ణరాయలకి ఉదయగిరి పెద్దలు వదిలివెళ్ళిన బాకీ లాంటిది.

1513లో ముట్టడి మొదలైంది. ఆ కొండ ఎక్కినవాళ్ళకి తెలుసు, పైకి పోవడానికి దారులు ఎంత ఇరుకో. ఏడాదిన్నర పాటు సైన్యం కింద కూర్చోవాల్సి వచ్చింది. బండలు పగలగొట్టి సైన్యం ఎక్కడానికి దారులు చేయించారని నూనిజ్ మాట.

ఆ ఏడాదిలోనే రాయలవారు ఏకంగా మూడుసార్లు తిరుమల వెళ్ళారు. 1513 ఫిబ్రవరి 10న మొదటిసారి. తిరుమలదేవి, చిన్నాదేవి ఇద్దరు రాణులూ వెంట ఉన్నారు. స్వామికి నవరత్న కిరీటం, హారతి ఇవ్వడానికి 25 వెండి పళ్ళేలు సమర్పించారు. రాణులు స్వామికి పాలు ఆరగింపు పెట్టడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. రాజు కిరీటం ఇస్తే, రాణులు పాలగిన్నెలు ఇచ్చారు. ఇంట్లో పిల్లవాడికి పాలు పట్టే తల్లుల మనసు ఆ కానుకలో కనపడుతుంది కదా. తర్వాత మే 2న ఒకసారి, జూన్ 13న మరోసారి వెళ్ళారు. గెలుస్తామో లేదో తెలియని రోజులవి. మనం పరీక్ష ముందు, ఆపరేషన్ ముందు కొండకి మొక్కుకున్నట్టే, ఆయనా వెళ్ళి ఉంటారు.

1514 జూన్‌లో కోట చేతికొచ్చింది. గజపతి బంధువు తిరుమల రాహుత్తరాయుడు పట్టుబడ్డాడు. నెల తిరగకుండానే, జూలై 6న, రాయలవారు మళ్ళీ ఏడుకొండలు ఎక్కారు. ఈసారి స్వామికి 30 వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేశారు. మన ఉదయగిరి గెలుపు తిరుమలలో బంగారు వానై కురిసిందన్నమాట.

కొండ దిగిన బాలకృష్ణుడు

ఉదయగిరి నుంచి వెళ్ళేటప్పుడు రాయలవారు ఒక విగ్రహాన్ని తమ వెంట తీసుకెళ్ళారు. ఆయనే బాలకృష్ణ స్వామి. రాజధానిలో ఆ స్వామి కోసమే ఒక పెద్ద గుడి కట్టించి, 1515 ఫిబ్రవరిలో ప్రతిష్ఠ చేశారు. హంపిలో కృష్ణ దేవాలయం అని మనం చూసేది అదే. ఉదయగిరి నుంచి తెచ్చిన స్వామి అని అక్కడి శాసనమే చెప్తోంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఓడిన కోటలోని దేవుణ్ణి తీసుకెళ్ళడం భక్తా, లేక విజయ చిహ్నమా? రెండూ అనే చెప్పాలి. ఆ రోజుల్లో ఒక కోట దేవుడు ఎవరి దగ్గర ఉంటే ఆ రాజ్యం వాళ్ళదని లెక్క. అందుకే రాజులు విగ్రహాలు తీసుకెళ్ళేవాళ్ళు. కానీ రాయలవారు ఆ స్వామిని ఖజానాలో పెట్టలేదు, కొల్లగొట్టిన సొమ్ములా చూపించుకోలేదు. తన పేరే ఉన్న స్వామికి గుడి కట్టి, నిత్యపూజలకి ఊళ్ళు రాసిచ్చి, రాజధానిలో అందరికంటే దగ్గరగా పెట్టుకున్నారు. అయినా ఉదయగిరి మీద రోజూ ఆ చిన్ని కృష్ణుడికి దండం పెట్టుకున్న జనానికి మాత్రం ఆ రోజు గుడి ఖాళీ అయ్యింది. ఒక ఊరి పండగ ఇంకో ఊరి వెలితి. చరిత్రలో ఇలాంటివి ఉంటాయి. దాచుకోవాల్సిన పని లేదు.

అమరావతి, శ్రీశైలం, అహోబిలం

తర్వాత అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ లాంటి కోటలు ఒకదాని వెంట ఒకటి చేతికొచ్చాయి. 1515 జూన్ 23న కొండవీడు దక్కింది. కొండవీడు గెలిచాక రాయలవారు అమరావతి వెళ్ళి, అమరేశ్వర స్వామి సన్నిధిలో కృష్ణమ్మ ఒడ్డున తులాపురుష దానం చేశారు. తన ఎత్తు బంగారాన్ని త్రాసులో తూచి దానం ఇవ్వడమే తులాపురుషం. పదహారు మహాదానాల్లో మొదటిది.

అక్కడి నుంచి శ్రీశైల మల్లన్న దర్శనం. శ్రీశైలంలో రథవీధికి అటూ ఇటూ మండపాలు కట్టించారు. మన పశ్చిమ ప్రకాశం వాళ్ళకి శ్రీశైలం ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు. మార్కాపురం, దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే మల్లన్న సన్నిధి. శ్రీశైలానికి తూర్పు ద్వారం మన త్రిపురాంతకమే. ముందు త్రిపురాంతకేశ్వరుణ్ణి, బాలాత్రిపురసుందరీ అమ్మవారిని చూసి తర్వాత శ్రీశైలం ఎక్కాలని పెద్దలు చెప్పేది అందుకే.

అదే 1515 డిసెంబర్‌లో నల్లమలలోని అహోబిలం. నృసింహ స్వామికి కంఠహారం, వజ్రాల పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్ళెం, వెయ్యి వరహాలు ఇచ్చారు. అక్టోబర్‌లో తిరుమల వెళ్ళి స్వామికి రత్నాల మకరతోరణం ఇచ్చిన కొద్ది రోజులకే ఇది.

ఒక్కసారి లెక్క చూడండి. ఆరేడు నెలల్లో అమరావతి, శ్రీశైలం, తిరుమల, అహోబిలం. బస్సులు, రైళ్ళు ఉన్న ఈ రోజుల్లో కూడా అన్ని క్షేత్రాలు అన్ని నెలల్లో చూడాలంటే మనకి సెలవులు దొరకవు. శివుడి గుడి, విష్ణువు గుడి అన్న తేడా కూడా లేదు. ఒక వారం మల్లన్న, ఇంకో వారం నరసన్న.

శ్రీకాకుళంలో వచ్చిన కల

ఇక్కడ శ్రీకాకుళం అంటే జిల్లా కేంద్రం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల దగ్గర ఉన్న శ్రీకాకుళం. అక్కడ కొలువైన స్వామి ఆంధ్ర మహావిష్ణువు. కళింగం మీదకి వెళ్తూ రాయలవారు కొన్నాళ్ళు విజయవాడలో ఆగారు. అక్కడి నుంచి శ్రీకాకుళం వెళ్ళి, ఏకాదశి ఉపవాసం చేసి, ఆ రాత్రి అక్కడే నిద్ర చేశారు. తెల్లవారు జామున కలలో ఆంధ్ర మహావిష్ణువు దర్శనమిచ్చి, శ్రీరంగంలో తాను గోదాదేవిని పెళ్ళాడిన కథని తెలుగులో కావ్యంగా రాయమని, దాన్ని తిరుమల వేంకటేశ్వరుడికి అంకితం ఇమ్మని చెప్పాడట. ఇది రాయలవారు తమ కావ్యం ఆముక్తమాల్యద మొదట్లో స్వయంగా రాసుకున్న సంగతి.

గమ్మత్తు చూడండి. అడిగిన దేవుడు కృష్ణా తీరంలో, కథ జరిగింది కావేరి తీరంలో, అంకితం ఏడుకొండల మీద. మూడు క్షేత్రాల్ని ఒక పుస్తకం కలిపేసింది. యుద్ధానికి పోతున్న రాజు మధ్యదారిలో ఉపవాసం ఉండి గుడిలో పడుకోవడం, లేచి కావ్యం మొదలుపెట్టాలనుకోవడం ఇంకెక్కడ వింటాం?

సింహాచలం, కాళహస్తి, ఆనంద నిలయం బంగారం

1516 మార్చి చివర్లో సింహాద్రి అప్పన్న దర్శనం. తల్లి నాగలాంబకి, తండ్రి నరసనాయకుడికి పుణ్యం కలగాలని స్వామికి 991 ముత్యాల హారం సమర్పించారు. కళింగంలో గెలుపు శిఖరానికి చేరిన సమయంలో ఆయన ఇచ్చిన కానుక తన పేరు మీద కాదు, అమ్మానాన్నల పేరు మీద. మనం కూడా గుడిలో అర్చన చేయించేటప్పుడు ముందు అమ్మానాన్నల గోత్రనామాలు చెప్తాం కదా.

చివరికి గజపతి సంధికి వచ్చాడు. కూతుర్ని రాయలవారికిచ్చి పెళ్ళి చేశాడు. కృష్ణానదికి ఉత్తరాన గెలిచిన భూముల్ని రాయలవారు తిరిగి ఇచ్చేశారు. దక్షిణాన ఉన్న ఉదయగిరి మాత్రం విజయనగరంలోనే ఉండిపోయింది. బాలకృష్ణుడు కూడా హంపిలోనే ఉండిపోయాడు.

శ్రీకాళహస్తిలో పెద్ద గోపురం, నూరుకాళ్ళ మండపం ఆ రోజుల్లోనివే. 1517 జనవరి 2న మళ్ళీ తిరుమల. ఆనంద నిలయం విమానానికి బంగారు తాపడం కోసం 30 వేల వరహాలు ఇచ్చారు. ఆ పని 1518 సెప్టెంబర్‌లో పూర్తయింది. మనం విమాన వేంకటేశ్వరుణ్ణి చూస్తూ గోవిందా అంటామే, ఆ విమానం మెరుపు వెనక రాయలవారి మొక్కు ఉంది. తర్వాతి కాలంలో మళ్ళీ తాపడాలు జరిగాయి.

కొడుకు, మంత్రి, నరసింహ స్వామి

1520 మేలో రాయచూరు గెలుపు. 1521 ఫిబ్రవరి 17న తిరుమల వెళ్ళి నవరత్నాలు పొదిగిన పీతాంబరం, కుళ్ళాయి, పదివేల వరహాలు ఇచ్చారు. శాసనాల్లో కనిపించే ఏడు యాత్రల్లో ఇదే చివరిది.

అన్నీ ఉన్న రాజుకి ఉన్న ఆశల్లా కొడుకే. పేరు తిరుమలరాయలు. ఏ కొండకి మొక్కారో ఆ కొండ పేరే పెట్టుకున్నారు. ఆరేళ్ళ పిల్లవాడికే 1524 ప్రాంతంలో పట్టం కట్టి, తాను పక్కన నిలబడి రాజ్యం చూసుకుంటానన్నారు. నెలలు తిరగకుండానే ఆ పిల్లవాడు జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారని అనుమానం వచ్చింది. ఆ అనుమానం తిమ్మరుసు కుటుంబం మీదకి మళ్ళింది. తిమ్మరుసుని చెరలో పెట్టించి, తర్వాత కళ్ళు తీయించారని నూనిజ్ రాశాడు. దీన్ని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. కానీ జనం మాత్రం ఈ కథని వదల్లేదు. ఎవరు తన కళ్ళు కాపాడారో, ఆయన కళ్ళే పోగొట్టారు. పుత్రశోకం ఎంత గొప్పవాణ్ణయినా ఎలా గుడ్డివాణ్ణి చేస్తుందో చెప్పడానికి ఇంతకు మించిన కథ లేదు. పెనుకొండలో తిమ్మరుసు సమాధి అని ఒక చిన్న మండపం చూపిస్తారు. వెళ్తే ఒక పువ్వు పెట్టి రండి.

1528లో, అంటే కొడుకు పోయిన కొన్నేళ్ళకి, రాయలవారు హంపిలో ఒకే రాతిలో 22 అడుగుల లక్ష్మీనరసింహ స్వామిని చెక్కించి ప్రతిష్ఠ చేశారు. ప్రహ్లాదుడనే చిన్నపిల్లవాణ్ణి కాపాడడానికి స్తంభంలోంచి వచ్చిన దేవుడు ఆయన. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న తండ్రి ఆ స్వామి ముందు నిలబడి ఏం అడిగి ఉంటారో శాసనం చెప్పదు. మనం ఊహించుకోవాల్సిందే. మరుసటి ఏడాది, 1529 అక్టోబర్‌లో, రాయలవారు కన్నుమూశారు.

ఏం మిగిలింది?

1565లో రాజధాని పాడుపడింది. హంపి కృష్ణ దేవాలయం గర్భగుడి ఇప్పుడు ఖాళీ. ఉదయగిరి నుంచి వెళ్ళిన బాలకృష్ణుడు ఈ రోజు చెన్నై మ్యూజియంలో, దెబ్బతిన్న విగ్రహంగా ఉన్నాడు. పూజ లేదు, నైవేద్యం లేదు. ఉదయగిరిలో లేడు, హంపిలోనూ లేడు. శ్రీకాళహస్తి గాలిగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. అదే చోట కొత్త గోపురం లేచి, 2017లో కుంభాభిషేకం జరిగింది. సాళువ నరసింహుడి బాకీ తీర్చిన కోటలన్నీ ఇప్పుడు మేకలు మేసే బండలే.

మరి ఆయన్ని మనం ఎక్కడ చూడాలి? తిరుమలలో మహాద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే కుడిచేతి వైపు చూడండి. ముగ్గురి లోహ విగ్రహాలు ఉంటాయి. మధ్యలో రాయలవారు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. భుజాల మీద పేర్లు కూడా చెక్కి ఉన్నాయి. చేతిలో కత్తి లేదు. సింహాసనం లేదు. ముగ్గురూ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. గర్భగుడికి దగ్గరగా కూడా కాదు, వాకిట్లో. లోపలికి వెళ్ళే ప్రతి సామాన్య భక్తుడూ వాళ్ళని దాటుకునే వెళ్ళాలి.

దక్షిణాదిని గెలిచిన రాజు ఐదువందల ఏళ్ళుగా నిలబడిన చోటు అది. ఆయన గెలిచినవి పోయాయి. కట్టినవాటిలో చాలా పోయాయి. కన్నకొడుకు దక్కలేదు. కానీ భక్తుడిగా నిలబడిన ఆ చోటు నుంచి మాత్రం ఆయన్ని ఎవరూ కదపలేకపోయారు. రాయలవారి జీవితం మనకి చెప్పేది ఇదే అనిపిస్తుంది. దేవుడి దగ్గర మన పదవి మిగలదు, మన దండం మిగులుతుంది.

ఈసారి తిరుమల వెళ్తే క్యూలో తోసుకుంటూ పోకుండా ఆ కుడివైపు ఒక్క క్షణం చూసి నమస్కారం పెట్టుకోండి. పిల్లలకి ఎవరో చెప్పండి. మన పక్కనే ఉన్న ఉదయగిరి వెళ్తే ఖాళీ గుళ్ళు చూసి నిరాశపడకండి. ఇక్కడి నుంచే ఒక స్వామి బయల్దేరి వెళ్ళాడని, ఇక్కడి గెలుపే ఏడుకొండల మీద కనకాభిషేకమైందని తలుచుకుని, ఆ రాళ్ళకే ఒక దండం పెట్టి రండి. గోడల మీద పేర్లు రాయకండి. ప్లాస్టిక్ సీసాలు కింద పడెయ్యకండి. ఎక్కేటప్పుడు నీళ్ళు దగ్గర పెట్టుకోండి, ఎండాకాలం అయితే పొద్దున్నే ఎక్కి దిగిపోండి.

మీ ఊళ్ళో రాయలవారి పేరుతో ఉన్న గుడి, చెరువు, మండపం, శాసనం ఏదైనా ఉంటే కామెంట్లో తప్పకుండా చెప్పండి.

గోవిందా గోవింద!